అప్‌డేట్: మూడు కంప్యూటర్లకూ నెట్ వస్తోంది

మోడెమ్‌కు కొత్త రూటర్ (ఒకే నెట్ కనెక్షన్‌ను అన్ని కంప్యూటర్లకూ పంచే పెట్టె) తగిలిస్తే ఒక్క కంప్యూటర్‌లోనూ నెట్ రావడం లేదని ఇంతకుముందు అడిగాను కదా. సమస్య తీరింది. రెండు రోజులు కేబుళ్లే మార్చి చూశాను, తప్పు అక్కడ లేదు. మా మోడెమ్ కూడా లోపల రూటర్‌లా పనిచేసే రకం. దాని ఐపీ అడ్రస్ (నెట్‌వర్క్‌లో దాన్ని గుర్తించే నంబర్) 192.168.1.1, కొత్త రూటర్‌దీ అదే! రెండు వైపులా ఒకే నెట్‌వర్క్ ఉంటే ఏది లోపలో ఏది బయటో రూటర్‌కు తేలదు. మీరు చెప్పినట్టు రూటర్ అడ్రస్‌ను 192.168.2.1కి మార్చి అన్నీ రీస్టార్ట్ చేశాను. వెంటనే రెండు కంప్యూటర్లకు నెట్ వచ్చింది, ఎంత హాయిగా అనిపించిందో!

మూడోది మాత్రం మొండికేసింది. అందులో ఎప్పుడో పాత ఐపీ అడ్రస్ చేత్తో ఇచ్చి పెట్టాను. దాన్ని ఆటోమేటిక్‌కు (రూటరే అడ్రస్ ఇచ్చేలా) మార్చగానే అదీ కలిసింది. మీలో ఎవరికైనా ఒక్క కంప్యూటరే మొరాయిస్తుంటే ముందు ఇది చూడండి.

కేబుళ్ల సంగతీ చెప్పాలి: మోడెమ్ నుంచి వచ్చేది రూటర్‌లోని వ్యాన్ (బయటి నెట్ వైపు) పోర్టులో, కంప్యూటర్లవి ల్యాన్ (ఇంటి లోపలి వైపు) పోర్టుల్లో పెట్టాలి. మోడెమ్‌ను బ్రిడ్జ్ మోడ్‌లో (రూటర్ పని మానేసి నెట్‌ను నేరుగా దాటించేలా) పెడితే, లోపలి అడ్రస్‌లను బయటి అడ్రస్‌గా మార్చే పని మోడెమ్‌లో ఒకసారి, రూటర్‌లో ఒకసారి అని రెండుసార్లు జరగదన్నారు. ఆ పని ఈ ఆదివారం పెట్టుకున్నాను.