2013 స్విఫ్ట్ అమ్మేసి హైబ్రిడ్ తీసుకోవాలా? హైదరాబాద్‌లో నడిపేవాళ్లు చెప్పండి

మియాపూర్_స్విఫ్ట్:
అన్నా అందరికీ, మాది 2013 పెట్రోల్ స్విఫ్ట్ వీఎక్స్ఐ. రోజూ గచ్చిబౌలి ఆఫీసు, అన్నీ కలిపి నెలకి 800 కి.మీ. రన్నింగ్, ట్రాఫిక్‌లో మైలేజ్ 12 దాటట్లేదు. ఇప్పుడు క్లచ్ ప్లేట్ పోయింది, లోయర్ ఆర్మ్ బుష్‌లు కూడా మార్చాలంట, మెకానిక్ మొత్తం 35 వేలు చెప్పాడు. ఇంట్లోవాళ్లేమో టయోటా హైరైడర్ స్ట్రాంగ్ హైబ్రిడ్ (పెట్రోల్ ఇంజన్‌తో పాటు, కాసేపు ఒంటరిగా కారుని నడపగల ఎలక్ట్రిక్ మోటార్ కూడా ఉండేది) తీసుకుందాం అంటున్నారు, ఆన్‌రోడ్ 20 లక్షల దగ్గర. ఏం చేయమంటారు?

బెజవాడ_రోడ్స్:
వద్దండి. లెక్క చూడండి, ఏడాదికి 9,600 కి.మీ., 12 మైలేజ్‌కి 800 లీటర్లు, లీటరు 107 అనుకున్నా 85 వేలు. హైబ్రిడ్ సిటీలో 22 ఇచ్చిందనుకోండి, 47 వేల లోపు. మిగిలేది 39 వేలు, దానికోసం 15 లక్షలు లోన్ పెడితే మొదటి ఏడాది వడ్డీయే లక్ష దాటుద్ది. క్లచ్ వేయించుకుని నడుపుకోండి.

కరీంనగర్_పిలగాడు:
అన్నా పెట్రోల్ లెక్క ఒక్కటే చూస్తే ఎట్ల? ఆ వీఎక్స్ఐల ఎయిర్‌బ్యాగులు లేవు, హైరైడర్ల ఆరున్నయ్. మా బావ దగ్గర ఉంది, సిగ్నల్ కాడ ఇంజన్ బంద్ అయితది గానీ ఏసీ మాత్రం చల్లగనే వస్తది, ఎందుకంటే కంప్రెసర్ బ్యాటరీ మీద నడుస్తది, బ్రేక్ కొట్టినప్పుడల్లా ఆ బ్యాటరీ మళ్ల ఛార్జ్ అయితది, అందుకే ట్రాఫిక్‌లనే దానికి మైలేజ్ మంచిగొస్తది. బ్యాటరీకి 8 ఏళ్లు లేదా 1,60,000 కి.మీ. వారంటీ. రోజూ కొత్తగూడ కాడ క్లచ్ తొక్కి తొక్కి కాలు గుంజుతలేదా నీకు?

కూకట్‌పల్లి_ఈవీ:
షోరూంలో ఒకటి క్లియర్‌గా అడగండి బ్రో, అదే కారులో మైల్డ్ హైబ్రిడ్ కూడా ఉంది, అది మోటార్ మీద ఒంటరిగా కదలదు, మైలేజ్ మామూలు పెట్రోల్ కంటే పెద్దగా ఏం పెరగదు. స్ట్రాంగ్‌లో బ్యాటరీ వెనక కూర్చోవడంతో డిక్కీ 265 లీటర్లే, పండక్కి ఫ్యామిలీతో ఊరెళ్తే సరిపోదు. పైగా జీఎస్టీ దీనికి 40 శాతం, ఈవీకి, అంటే పూర్తి ఎలక్ట్రిక్ కారుకి 5. ఈవీయే తీసుకోవచ్చు కదా, అపార్ట్‌మెంట్‌లో ఛార్జింగ్ పాయింట్ ఇస్తారేమో కనుక్కోండి ముందు.

బెజవాడ_రోడ్స్:
ఎయిర్‌బ్యాగుల మాట ఒప్పుకుంటానండి, ఇంట్లో పిల్లలుంటే అది నిజంగా ఆలోచించాల్సిందే. కానీ దానికి హైబ్రిడ్డే ఎందుకు? 2025 సెప్టెంబర్ 22 నుంచి చిన్న కార్లకి జీఎస్టీ 18 శాతమే, ఆరు ఎయిర్‌బ్యాగులు, ఆటోమేటిక్ రెండూ పది లక్షల్లో వచ్చేస్తాయి. నెలకి 2,000 కి.మీ. తిరిగేవాళ్లైతే నేనే హైబ్రిడ్ కొనమంటాను, 800కి మాత్రం కాదు.

మియాపూర్_స్విఫ్ట్:
పాపకి నాలుగేళ్లు అండి, వెనక సీట్లో తనే కూర్చుంటుంది, కాబట్టి పాత బండి ఇంకా లాగించడం నాకూ ఇష్టం లేదు. కొనేవాడు ఎలాగూ క్లచ్ పేరు చెప్పి రేటు తగ్గిస్తాడు కదా, మరి ఆ 35 వేలు పెట్టించి అమ్మాలా, ఉన్నదున్నట్టు ఇచ్చేయాలా?

కరీంనగర్_పిలగాడు:
క్లచ్ ఒక్కటి వేయించు అన్నా, టెస్ట్ డ్రైవ్‌ల వాళ్లకు ముందుగాల తెలిసేది అదే. బుష్‌లు వదిలెయ్.