ఆడవాళ్లను ‘హ్యాండ్సమ్’ అనొచ్చా?

ప్రశ్న:
ఒక పెద్దావిడ గురించి ఇంగ్లిష్‌లో వ్యాసం రాస్తూ ఆమెను ‘హ్యాండ్సమ్’ అన్నాను. చదివిన మిత్రుడు ఆ మాట కొట్టేసి, “ఇది మగవాళ్లకు వాడేది, ఆవిడ నొచ్చుకుంటారు” అన్నాడు. నేను మెచ్చుకోలుగానే రాశాను. తప్పంటారా?

మొదటి జవాబు:
తప్పే. మగవాళ్లకు హ్యాండ్సమ్, ఆడవాళ్లకు బ్యూటిఫుల్ అని చిన్నప్పటి నుంచీ చదువుకున్నాం. మనకు అందగాడు, అందగత్తె ఉన్నట్టే.

రెండో జవాబు:
ఆ పోలిక కుదరదండీ. అందగాడు, అందగత్తె నామవాచకాలు. ఆడో మగో ఆ మాట చివరే చెప్పేస్తుంది. హ్యాండ్సమ్‌లో అలాంటి గుర్తు లేదు. ‘హ్యాండ్’ అంటే చెయ్యి, దాని నుంచి పుట్టిన మాట ఇది. మొదట్లో చేతికి అనువైనది అనే అర్థం. పోనుపోను తగినంత పెద్దది, చూడ్డానికి బాగున్నది, ఉదారమైనది అని అర్థాలు పెరిగాయి. మంచి జీతాన్ని ‘హ్యాండ్సమ్ శాలరీ’ అంటున్నాం కదా, జీతానికి ఆడా మగా ఏముంది? 1815 డిసెంబరులో వచ్చిన జేన్ ఆస్టిన్ నవల ‘ఎమ్మా’ మొదటి వాక్యంలోనే నాయికను హ్యాండ్సమ్ అంటుంది. ఆ అమ్మాయికి ఇంకా ఇరవై ఒకటి నిండలేదు. అంటే పెద్ద వయసువాళ్లకే వాడాలన్న నియమం కూడా అప్పుడు లేదు.

మొదటి జవాబు రాసినవారు:
రెండు వందల ఏళ్ల కిందటి వాడుక ఇప్పుడు ఆవిడకు ఎలా వినిపిస్తుందన్నదే నా బాధ. ‘బక్సమ్’ చూడండి. ఒకప్పుడు అణకువ గల అని అర్థం, మగవాళ్లకూ వాడేవారు. ఇప్పుడు నిండైన రొమ్ములున్న స్త్రీ అనే అర్థమే మిగిలింది. పాత అర్థం తలచుకుని ఎవరినైనా అలా పిలవగలమా?

రెండో జవాబు రాసినవారు:
బక్సమ్ విషయంలో ఒప్పుకుంటాను. హ్యాండ్సమ్ అంత దూరం పోలేదు. స్త్రీకి వాడినప్పుడు నాజూకుతనం కాకుండా హుందాతనం, ముఖంలో తీరైన దృఢత్వం అని ఇప్పటి డిక్షనరీలూ చెబుతున్నాయి. అయితే “అందంగా ఉందనలేక ఇలా అన్నారు” అని అనుకునేవాళ్లూ ఉన్నారు, అది నిజమే. ఒంటరిగా వదిలేస్తే ఆ మాట అపార్థానికి దారిస్తుంది.

ప్రశ్న అడిగినవారు:
నేను చూసింది ఆ హుందాతనాన్నే. వెడల్పాటి నుదురు, నిటారుగా కూర్చునే తీరు, చూపు తిప్పకుండా మాట్లాడటం. బ్యూటిఫుల్ అంటే ఇవేవీ రావు. ఆ మాట ఉంచుతాను, దాని పక్కనే ఈ మూడూ రాస్తాను.