ఎక్కువ సంపాదిస్తే రేటు కూడా ఎక్కువా? ఇది న్యాయమా, జరిమానానా?

నాలుగురాళ్ళు:
చాన్నాళ్ళ నుంచి బుర్ర తొలిచేస్తున్న డౌటు ఇది, తిట్టుకోకుండా చదవండి. ఆదాయపు పన్ను అందరికీ ఒకటే రేటు, 10 శాతం అనుకుందాం. లక్ష వచ్చేవాడు పదివేలు కడతాడు, కోటి వచ్చేవాడు పది లక్షలు కడతాడు. వంద రెట్లు సంపాదించినోడు వంద రెట్లు కడుతూనే ఉన్నాడు కదా, మళ్ళీ వాడికి రేటు కూడా పెంచి 30, 40 శాతం గుంజడం దేనికి? వాడేమన్నా వంద రెట్లు ఎక్కువ రోడ్లు వాడతాడా? రేయింబవళ్ళు కష్టపడి, రిస్కు తీసుకుని పైకొచ్చినోడికి ఫైన్ వేసినట్టుంది నాకైతే. పైగా శ్లాబు మారితే చేతికొచ్చేది తగ్గిపోతుందని ఇంక్రిమెంటు అంటేనే భయపడేవాళ్ళని కూడా చూశాను.

లెక్కలపంతులు:
మిగతాది తర్వాత, ముందు ఆ చివరి ముక్క తేల్చేద్దాం. ఈ శ్లాబు భయం ఎక్కడ చర్చ జరిగినా తగులుతుంది. పై రేటు పడేది గీత దాటిన డబ్బు మీదే బాబూ, మొత్తం మీద కాదు. 5 లక్షల దాకా సున్నా, 5 నుంచి 10 దాకా 10 శాతం, ఆపైన 30 శాతం అనుకో. సరిగ్గా 10 లక్షలు వచ్చేవాడు కట్టేది 50,000. వాడికి ఇంకో వెయ్యి పెరిగితే ఆ వెయ్యి మీద 300 కడతాడు, అంటే 700 ఇంటికి తీసుకెళ్తాడు, అంతే.

నిజంగా దెబ్బ తగిలేది ఏదో ఒక రాయితీ తెగిపోయే చోట. ఇంగ్లండ్‌లో చూడు, ఆదాయం లక్ష పౌండ్లు దాటిందంటే పన్ను లేకుండా వదిలేసే మొత్తాన్ని ప్రతి 2 పౌండ్లకి 1 చొప్పున కోసేస్తారు. దాంతో లక్ష నుంచి 1,25,140 దాకా కాగితం మీద రేటు 40 అయినా పడే వాత 60 శాతం, అది దాటాక 45కి దిగుతుంది. అంటే అంతకంటే ఎక్కువ వచ్చేవాడికి తర్వాతి పౌండు మీద తక్కువ పడుతుందన్నమాట. ఎవడు డిజైన్ చేశాడో గానీ దండం పెట్టాలి.

నిప్పులాంటోడు:
రోడ్ల లెక్క భలే ఉంది బ్రో. రోడ్లు సమానంగానే వాడొచ్చు, కానీ కోర్టులు, రిజిస్ట్రేషన్లు, పేటెంట్లు, కంపెనీ చట్టాలు, పోలీసులు, ఇవన్నీ ఎవడి ఆస్తిని కాపాడుతున్నాయి? ఏమీ లేనోడికి కాపాడుకోడానికి ఏముంది? ఇంకోటి, నెలాఖరుకి చేబదులు కోసం తిరిగేవాడి దగ్గర వెయ్యి తీసుకోవడం, ఖాతాలో ఎంతుందో తనకే గుర్తులేనోడి దగ్గర వెయ్యి తీసుకోవడం ఒకటేనా? ఇదేదో కమ్యూనిస్టు మాట అనుకునేరు, ఇంటి అద్దెల మీద పన్ను గురించి రాస్తూ, డబ్బున్నోళ్ళు తమ ఆదాయానికి తగ్గ వాటా కంటే కొంచెం ఎక్కువే ఇచ్చినా అన్యాయం ఏమీ లేదని 1776లోనే ఆడమ్ స్మిత్ అన్నాడు. మార్కెట్ వాదులంతా తాతగారు అని కొలిచే మనిషి ఆయన.

నాలుగురాళ్ళు:
స్మిత్ చెప్పాడని ఒప్పేసుకోవాలా? రాబర్ట్ నోజిక్ అనే అమెరికా తత్వవేత్త 1974లో సంపాదన మీద పన్నంటే వెట్టిచాకిరీతో సమానమే అన్నాడు, ఏడాదిలో ఇన్ని గంటలు నువ్వు వేరేవాడి కోసం పనిచేస్తున్నావ్ అని. రేటు పెంచితే ఆ గంటలు పెరుగుతాయి. ఎక్కువ పనిచేసినోడి దగ్గర ఎక్కువ గంటలు లాక్కుంటాం అంటే వినడానికే బాలేదు.

నిప్పులాంటోడు:
నోజిక్ లెక్క ప్రకారం నీ 10 శాతం కూడా వెట్టిచాకిరీయే కదా మరి, దాన్ని పోస్టు మొదట్లో నువ్వే ప్రపోజ్ చేశావ్ 😄

సూటిగాచెప్తా:
మీ ఇద్దరూ ఒక విషయం వదిలేస్తున్నారు. ఒకటే రేటు అన్నంత మాత్రాన అందరూ ఒకే శాతం కట్టరు. మొదటి 5 లక్షలు వదిలేసి పైదానంతటి మీద 20 శాతం అనండి. 10 లక్షలోడు లక్ష కడతాడు, అంటే మొత్తం ఆదాయంలో 10 శాతం. 50 లక్షలోడు 9 లక్షలు, 18 శాతం. కోటి వచ్చేవాడు 19 లక్షలు, 19 శాతం. చూశారా, ఏడు శ్లాబులూ, సర్‌చార్జీలూ ఏమీ లేకుండానే పైకెళ్ళేకొద్దీ భారం పెరిగింది. ఎస్టోనియా 1994లో యూరప్‌లో అందరికంటే ముందు ఈ దారి పట్టింది, బల్గేరియా 2008 నుంచి 10 శాతం, హంగరీ 15 శాతం. దేశాలేం మునిగిపోలేదు. శ్లాబులు పెరిగేకొద్దీ జీతాన్ని పెళ్ళాం పేరు మీదకి, కంపెనీ పేరు మీదకి మార్చే తెలివితేటలు పెరుగుతాయి తప్ప ఖజానా పెరగదు.

నిప్పులాంటోడు:
అక్కా ఆ లిస్టులో రష్యాని ఎందుకు వదిలేశారు? 2001లో 13 శాతం ఫ్లాట్ పెట్టినప్పుడు ప్రపంచమంతా దాన్నే చూపించి చప్పట్లు కొట్టారు. 2021లో 50 లక్షల రూబుళ్ళ పైన 15 శాతం అన్నారు, 2025 నుంచి ఐదు శ్లాబులు, పైది 22 శాతం. ఫ్లాట్ టాక్స్‌కి పోస్టర్ బాయ్ అనుకున్నోడే జెండా మార్చేశాడు. కోటి వచ్చేవాడికి 19, వంద కోట్లు వచ్చేవాడికి 20, ఇదేం పెరగడం అండీ? మధ్యలోకి వచ్చేసరికి చదునైపోతుంది.

సూటిగాచెప్తా:
రష్యా ఆ ఐదు శ్లాబులు ఎప్పుడు పెట్టిందో కూడా చెప్పు తమ్ముడూ, యుద్ధం మధ్యలో. అసలు ఈ పన్ను పుట్టిందే యుద్ధంలో. బ్రిటన్‌లో ప్రధాని విలియం పిట్ 1799లో ఫ్రాన్స్‌తో యుద్ధం కోసం పెట్టాడు, 60 పౌండ్ల లోపు వాళ్ళని వదిలేసి, అక్కణ్ణుంచి మెల్లగా పెంచుకుంటూ 200 దాటినోళ్ళకి 10 శాతం. అమెరికా 1913లో 1 నుంచి 7 శాతంతో మొదలెట్టి 1944కి 94కి ఎక్కించింది, అదీ యుద్ధమే. న్యాయం గుర్తొచ్చి ఎవడూ పెంచలేదు, ఫిరంగులకి డబ్బులు కావాల్సొచ్చి పెంచారు, న్యాయం అనే మాట తర్వాత అతికించారు.

నిప్పులాంటోడు:
యుద్ధం 1945లో అయిపోయింది అక్కా, 1963లో కూడా అక్కడ పైరేటు 91 శాతమే. అది కూడా ఫిరంగులకేనా?

వేపకాయ:
91 ఏంటి పిల్లలూ, 1973-74లో ఇండియాలో పైరేటు సర్‌చార్జీతో కలిపి 97.75 శాతం. చివరి వంద రూపాయల్లో నీకు మిగిలేది రెండుంపావలా. ఆ రెండుంపావలా కోసం నిజాయితీగా లెక్క రాసేవాడు మహాత్ముడై ఉండాలి, అందుకే రెండో ఖాతా పుస్తకం పుట్టింది. స్వీడన్‌లో ఇంకా ఘోరం, పిల్లల కథలు రాసే ఆస్ట్రిడ్ లిండ్‌గ్రెన్ తనకి పడే రేటు 102 శాతానికి పోయిందని 1976లో పేపర్లో వెటకారంగా ఉతికి ఆరేసింది. సంపాదించిన ప్రతి వందకీ 102 కట్టాలట! అదే ఏడాది ఎన్నికల్లో నలభై ఏళ్ళ పైబడి కుర్చీలో ఉన్న పార్టీ దిగిపోయింది. కాబట్టి రేట్లు పెంచండి అనేవాళ్ళు ఎక్కడ ఆపాలో కూడా చెప్పాలి.

నాలుగురాళ్ళు:
అదీ! ఎక్కడ ఆపాలి? దీనికి ఎవరి దగ్గరా సమాధానం ఉండదు.

కొత్తసీఏ:
సమాధానం ఉంది, కాకపోతే అది ఒక నంబరు కాదు. డైమండ్, సాయెజ్ అనే ఇద్దరు ఎకనామిస్టులు 2011లో అమెరికాకి లెక్క కట్టి పైరేటు అన్నీ కలిపి 73 శాతం దాకా పోవచ్చన్నారు. ఆ లెక్కలో గుండెకాయ లాంటి అంకె ఒకటుంది, రేటు పెరిగితే పెద్దోళ్ళు చూపించే ఆదాయం ఎంత కుంచించుకుపోతుంది అనేది. వాళ్ళు దాన్ని 0.25 అనుకున్నారు. అది రెట్టింపైతే అదే ఫార్ములాలో జవాబు 57కి పడిపోతుంది. ఇక్కడే అందరూ పప్పులో కాలేస్తారు, ఆ అంకె మనిషి ఎంత బద్ధకస్తుడో చెప్పేది కాదు, చట్టంలో ఎన్ని సందులున్నాయో చెప్పేది. జీతాన్ని లాభం అని పేరు మార్చి తక్కువ రేటులో పెట్టుకునే వీలుంటే మార్చుకుంటాడు, లేకపోతే కడతాడు.

నికోలస్ కాల్డోర్ అనే ఎకనామిస్టు 1956లో ఇండియాకి ఇచ్చిన సలహా ఇదే. పైరేటు 45 దాటనివ్వకండి, దానికి బదులు ఆస్తుల లాభాలు, సంపద, బహుమతులు, ఖర్చు, అన్నిటి మీదా వల వేయండి అన్నాడు. మనవాళ్ళు కొత్త పన్నులు తీసుకుని ఆ 45ని మాత్రం గాలికొదిలేశారు, దాని ఫలితమే పైన వేపకాయ గారు చెప్పిన రెండుంపావలా. దీనికి రివర్స్ అమెరికాలో 1986లో జరిగింది, పైరేటు 50 నుంచి 28కి దించారు కానీ షేర్ల లాభాల రేటుని 20 నుంచి అదే 28కి ఎత్తేశారు, దొంగ నష్టాలు చూపించే స్కీములు చాలావరకు మూసేశారు. రేటు ఎంత అని కొట్టుకునే ముందు దేని మీద రేటు అని అడగాలి.

నిప్పులాంటోడు:
ఇది కొంచెం బాగుంది గానీ సీఏ గారూ, ఇప్పుడు అక్కడ జీతానికి 37, ఎక్కువ కాలం ఉంచుకున్న షేర్ల లాభానికి 20, అంటే ఆ 1986 బేరం కూడా నిలబడలేదుగా.

కొత్తసీఏ:
నిలబడలేదు. రెండు రేట్ల మధ్య తేడా ఉన్నంత కాలం ఆ తేడాలోనే మా వృత్తికి బతుకు. అమెరికా కుబేరుడు వారెన్ బఫెట్ 2011లో బయటపెట్టాడు, తను కట్టింది 17.4 శాతం, ఆఫీసులో తన దగ్గర పనిచేసేవాళ్ళలో అందరికంటే తక్కువ అని. జీతగాడికి డబ్బు ఖాతాలో పడకముందే కోత పడిపోతుంది, వాడికి పేరు మార్చుకునే ఛాన్సే లేదు. అందుకే రేటు పెంచండి అని ఎవరన్నా అంటే నాకు ముందు కనపడేది బిలియనీర్ కాదు, పెద్ద జీతం తీసుకునే సర్జను.

విండోసీటు:
సర్జనైనా బిలియనీరైనా ఫ్లైట్ ఎక్కేస్తే ఏం చేస్తారు? ఫ్రాన్స్‌లో ఓలాండ్ 2012 అధ్యక్ష ఎన్నికల్లో 10 లక్షల యూరోలు దాటిన జీతాలకి 75 శాతం అని మాటిచ్చి గెలిచాడు. సినిమా నటుడు గెరార్ డిపార్డ్యూ ముందు బెల్జియంలో ఇల్లు కొన్నాడు, 2013 జనవరిలో ఏకంగా రష్యా పాస్‌పోర్ట్ తీసుకున్నాడు, 13 శాతం టైంలో. ఈలోపు ఫ్రాన్స్ రాజ్యాంగ మండలి ఆ పన్నునే కొట్టేసింది, తర్వాత కంపెనీలే కట్టాలని మార్చి రెండేళ్ళు నడిపి చేతులు దులుపుకున్నారు.

లెక్కలపంతులు:
ఒక నటుడు పోయాడని దేశమంతా పోతుందా? మండలి కొట్టేసింది కూడా 75 ఎక్కువని కాదు, మిగతా ఆదాయపు పన్ను కుటుంబం లెక్కన వేసి ఇది మాత్రం మనిషి లెక్కన వేశారని. ఒకే ఇంట్లో ఇద్దరికి చెరో 9 లక్షలు వస్తే ఏమీ లేదు, ఒక్కడికే 12 లక్షలు వస్తే వాత, అదీ గొడవ. పారిపోవడానికి మందు కూడా ఉంది, అమెరికా పౌరుడు ఏ దేశంలో ఉన్నా అక్కడ రిటర్ను వేయాల్సిందే. మొనాకోలో ఆదాయపు పన్ను లేదంటారు కదా, అక్కడున్న ఫ్రెంచి వాళ్ళకి మాత్రం 1963 ఒప్పందం పుణ్యాన ఫ్రాన్స్ పన్ను తప్పదు.

నాలుగురాళ్ళు:
సరే, సీఏ గారి మాటే తీసుకుందాం, వల పెద్దది చేస్తే రేటు తక్కువలో సరిపోతుంది. మరి ఆ పెద్దోడు షేర్లు అమ్మడు, వాటిని తాకట్టు పెట్టి అప్పు తీసుకుని దాంతో బతుకుతాడు, అప్పుకి పన్ను ఉండదు. అమ్మనిదానికి పన్ను ఎలా వేస్తారు? ఈ ఏడాది పెరిగిందని వేసి వచ్చే ఏడాది సగానికి పడితే తిరిగిస్తారా?

కొత్తసీఏ:
ఏటేటా వేయడం తలనొప్పే, ఒప్పుకుంటా. కానీ ఏదో ఒక రోజు లెక్క తేలాలిగా. అమెరికాలో మనిషి పోయాక షేర్లు వారసుల చేతికి ఆ రోజు ధరకే కొన్నట్టు వెళ్తాయి, అప్పటిదాకా పెరిగిందంతా ఆదాయపు పన్నుకి సంబంధించి మాయం. కెనడాలో 1972 నుంచి చనిపోయిన రోజునే అన్నీ అమ్మేసినట్టు లెక్కేసి లాభం మీద పన్ను తీసుకుంటారు, భార్యకో భర్తకో వెళ్తే మాత్రం వాయిదా.

వేపకాయ:
అంటే చచ్చాక కూడా రిటర్ను వేయాలన్నమాట.

కొత్తసీఏ:
మీరు వేయక్కర్లేదు సార్, మాకు ఫీజిస్తే మేమే వేస్తాం.

నాలుగురాళ్ళు:
జీతం మీద పైరేటు పెంచకుండా కెనడా పద్ధతి ఒక్కటి పెడతామంటే నేను ఓటేస్తా. నిప్పు బ్రో, నువ్వు వేస్తావా?

నిప్పులాంటోడు:
రెండూ పెడితే వేస్తా.