ఫ్రంట్ లివర్ వేస్తే తిరిగి రావట్లేదు: పాత ఎమ్ఎమ్ 540 జీపు, సాయం కావాలి

సింగ్‌నగర్ నుంచి:

అందరికీ నమస్కారం. మా నాన్నగారి మహీంద్రా ఎమ్ఎమ్ 540 ఇప్పుడు నేను నడుపుతున్నాను. 2112 సీసీ ప్యూజో డీజిల్ ఇంజన్, నాలుగు గేర్లు, గేర్ రాడ్డు పక్కన రెండు చిన్న లివర్లు: ఒకటి ఫ్రంట్ లివర్, ముందు చక్రాలకీ ఇంజన్ బలం ఇచ్చి ఫోర్ వీల్ చేసేది; రెండోది లో, నిదానంగా బలంగా లాగడానికి. 2024 సెప్టెంబరులో బుడమేరు మా వీధిని ముంచినప్పుడు జీపు సీట్ల దాకా నీళ్లలో ఉండిపోయింది. తర్వాత ఇంజన్ విప్పించి బాగు చేయించాం. ఇంజన్‌తో ఇప్పుడు ఏ ఇబ్బందీ లేదు.

పెదనందిపాడు వైపు మాకు మిర్చి చేను ఉంది. రోడ్డు దిగాక చేను దాకా డొంకే దారి, అంతా నల్లరేగడి. వాన పడితే ట్రాక్టర్లు తప్ప ఏవీ పోవు. ఫోర్ వీల్ వేసి పోదామంటే లివర్ పడుతుంది కానీ, పని అయ్యాక వెనక్కి రాదు. రెండు చేతులతో లాగినా కదలదు. దానికి తోడు హైవే మీద 50 దాటగానే స్టీరింగ్ చేతిలో నిలవనంతగా వణుకుతుంది. షెడ్డులో చూపిస్తే ట్రాన్స్‌ఫర్ కేసు (ముందు, వెనక ఇరుసులకి బలం పంచే గేర్ల పెట్టె) పోయింది, దించాల్సిందే అన్నారు. చెప్పిన ఖర్చు వింటే టెన్షన్‌గా ఉంది. ఎవరైనా దారి చెప్పండి.

ఆటోనగర్ నుంచి:

మేడమ్, కేసు అప్పుడే దించనివ్వకండి. ముందు మూడు సంగతులు చెప్పండి. నాలుగు టైర్లూ ఒకే రకమా, ఒకేలా అరిగాయా? లివర్ ఎక్కడ వేస్తున్నారు, తారు మీదా, మట్టిలో దిగాకా? వరద తర్వాత హౌసింగుల్లో (ఇరుసుల మధ్య గుండ్లలో), గేర్ బాక్సులో ఆయిల్ మార్చారా?

సింగ్‌నగర్ నుంచి:

నాలుగూ ఒకే సైజు సార్. ముందు రెండూ కొత్తవి వేయించాం, వెనకవి పాతవి, బాగా అరిగాయి. లివర్ తారు రోడ్డు మీదే వేసి, మలుపు తిరిగి డొంకలో దిగుతాను. ఆయిల్ మార్చలేదు. మీరు అడిగాక వెనక హౌసింగ్ లెవెల్ బోల్టు విప్పి వేలు పెట్టి చూశాను. పాలు ఎక్కువైన టీ రంగులో ఉంది.

గుంటూరు నుంచి:

అమ్మా, నీ ట్రాన్స్‌ఫర్ కేసు బాగానే ఉండి ఉంటుంది. మా ఇంట్లో ఇదే తరహా జీపు పొలం పనికి తిరుగుతోంది కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. ముందు ఆ ఆయిల్ సంగతి, ఎందుకంటే లివర్ కన్నా అది తొందర పని.

ఆ రంగు వచ్చిందంటే నీళ్లు కలిసినట్టే. హౌసింగ్ మీద గాలి పోవడానికి చిన్న బ్రీదర్ ఉంటుంది. మునిగినప్పుడు అందులోంచీ సీళ్ల పక్క నుంచీ నీళ్లు లోపలికి పోతాయి. వరదే అక్కర్లేదు, వేడెక్కిన హౌసింగుతో వాగులో దిగినా లోపలి గాలి చల్లబడి ముడుచుకుని నీటిని లాక్కుంటుంది. ఆ ఆయిల్‌తో ఇంకా తిప్పితే బేరింగులు తుప్పుపట్టి గుంటలు పడతాయి, హౌసింగులోని పళ్ల జత, అదే క్రౌన్ పినియన్, మోత మొదలవుతుంది. కాబట్టి చేనుకి పోవడం వారం ఆపు. ముందు, వెనక హౌసింగులు, గేర్ బాక్సు, ట్రాన్స్‌ఫర్ కేసు నాలుగింటిలోనూ ఆయిల్ దించేయించు. బండి కాస్త నడిపి వేడిగా ఉన్నప్పుడు దించితే అడుగున ఉన్నది కూడా వస్తుంది. డ్రెయిన్ బోల్టుకి అంటుకున్న ఇనుప పొడి వేళ్ల మధ్య నలిపి చూడు. మెత్తగా ఉంటే అరుగుదల, ఫరవాలేదు. గుచ్చుకునే ముక్కలు ఉంటే మూత విప్పించాలి.

కొత్త ఆయిల్ పోసేటప్పుడు అన్నిటికీ ఒకే డబ్బా వాడనివ్వకు. హౌసింగులకి ఈపీ 90 గేర్ ఆయిల్, జీఎల్ 5 రకం. గేర్ బాక్సులో గేర్లు సాఫీగా పడేందుకు ఇత్తడి సింక్రో రింగులు ఉంటాయి, జీఎల్ 5లోని గంధకం మందులు వాటిని తినేసే ప్రమాదం ఉంది, అక్కడ జీఎల్ 4 పోయించు. ఓ యాభై కిలోమీటర్లు తిరిగాక హౌసింగుల్లో మళ్లీ మార్చు. మొదటిసారి మూలల్లో మిగిలిన నీరు అప్పుడు పోతుంది. ఖర్చు అనిపిస్తుంది కానీ క్రౌన్ పినియన్ సెట్టు ధర ముందు ఇది ఏ పాటి? బ్రీదర్ తీయించి, అక్కడ డీజిల్ పైపు బిగించి ఛాసిస్ పైదాకా తీసుకుపోతే ఇక వాగు భయం ఉండదు.

ఇప్పుడు లివర్. మన జీపుల్లో ముందు ఇరుసుకీ వెనక ఇరుసుకీ మధ్య డిఫరెన్షియల్, అంటే వేగాల తేడా సర్దే గేర్లు, లేదు. ఫ్రంట్ లివర్ వేయగానే ఇరుసులకి పోయే రెండు ప్రొపెల్లర్ షాఫ్టులూ ఒకే వేగంతో తిరిగి తీరాలి. మలుపులో ముందు చక్రాలు వెనకవాటి కన్నా ఎక్కువ దూరం పోతాయి. బురదలో అయితే టైరు జారి ఆ తేడా తీరిపోతుంది. తారు మీద జారదు కాబట్టి ఆ బిగువంతా షాఫ్టుల్లో, పళ్లలో పేరుకుంటుంది. నువ్వు లాగుతున్నది ఆ బిగువుకు ఎదురు, అందుకే రాదు. ఈసారి పట్టేస్తే లివర్‌ని కొట్టకు. తిన్నగా రెండు మూడు గజాలు రివర్సు పోతూ క్లచ్ తొక్కి లాగు, దానంతటదే వస్తుంది.

టైర్ల తేడా ఉంటే మలుపు కూడా అక్కర్లేదు, తిన్నగా పోయినా బిగుస్తుంది. టైరు మీద సున్నంతో గీత పెట్టి, నేల మీద కూడా గుర్తు పెట్టి, ఒక చుట్టు తిరిగేలా బండిని నెట్టి టేపుతో కొలిచి చూడు. ముందొకసారి, వెనకొకసారి.

ఇంకొక పరీక్ష కూడా చెయ్యి, ఎందుకంటే పాత జీపుల్లో ఎప్పుడో ఎవరో వేరే బండి హౌసింగ్ ఎక్కించి ఉండొచ్చు. హౌసింగుల రేషియోలు (చక్రాల ఒక చుట్టుకి షాఫ్టు తిరిగే చుట్లు) కలవకపోతే ఫోర్ వీల్ ఎప్పటికీ పట్టేస్తుంది. మిగతా చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టి, గేరు న్యూట్రల్‌లో ఉంచి, ఫ్రంట్ లివర్ తీసి, హ్యాండ్ బ్రేకు వదిలి, వెనక ఒక్క చక్రం జాకీతో లేపు. ప్రొపెల్లర్ షాఫ్టు మీద కూడా సున్నం గీత పెట్టు. లేపిన చక్రాన్ని సరిగ్గా రెండు చుట్లు తిప్పి షాఫ్టు ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టు. ఒకే చక్రం తిరిగితే డిఫరెన్షియల్ సగమే తిరుగుతుంది, అందుకే రెండు చుట్లు. ఐదుకి కాస్త తక్కువ వస్తే 4.88 రేషియో, ఐదున్నరకి కాస్త తక్కువైతే 5.38. ముందు చక్రానికీ అలాగే చెయ్యి. రెండు లెక్కలూ ఒకటే రావాలి. బండి కింద దూరేటప్పుడు జాకీని మాత్రం నమ్మకు, ఇరుసు కింద గట్టి దిమ్మె పెట్టాకే దూరాలి.

ఆటోనగర్ నుంచి:

గుంటూరు పెద్దాయన చెప్పిన లెక్క కరెక్ట్. వణుకుడు సంగతి నేను చెబుతాను. ముందు చక్రం లేపి, పైనా కిందా పట్టుకుని ఊపండి. లూజు ఉంటే హబ్ బేరింగు గానీ, స్టీరింగుతో చక్రం మళ్లే కింగ్ పిన్ గానీ. పక్కలు పట్టుకుని ఊపితే ముందు చక్రాలని కలిపే టై రాడ్ ఎండ్ల లూజు తెలుస్తుంది. కింగ్ పిన్ అయితే సన్నని షిమ్ములు (రేకు బిళ్లలు) తీసి బిగువు సరిచేయాలి. కమాన్ కట్టల షాకిల్ బుష్షులు, యూ క్లాంపులు కూడా చూడండి. ఇవేవీ చూడకుండా వణుకుని అణిచే స్టీరింగ్ డాంపర్ బిగిస్తామంటే వద్దనండి, రోగం లోపలే ఉండిపోతుంది. మీది నీళ్లలో మునిగిన బండి, ముందు చక్రాల దగ్గరి నకిల్ గుండ్లలో గ్రీజు, హబ్బుల్లో గ్రీజు పాడయ్యే ఉంటుంది. విప్పి కడిగి కొత్తది పెట్టించండి. ప్రొపెల్లర్ షాఫ్టు క్రాసులకి (కీళ్లకి) గ్రీజు కొట్టేటప్పుడు నాలుగు చివరల నుంచీ కొత్త గ్రీజు బయటికి రావాలి. ఒక చివర రాకపోతే అక్కడ సూది బేరింగులు ఎండిపోయాయని అర్థం.

సింగ్‌నగర్ నుంచి:

ఇద్దరికీ ఎంతో రుణపడి ఉంటాను. రేషియో రెండు వైపులా ఒకటే, ఐదుకి కాస్త తక్కువ. టైరు చుట్టు ముందు 2 మీటర్ల 24 సెంటీమీటర్లు, వెనక 2 మీటర్ల 18. కుడి చక్రం పైనా కిందా ఊపితే కింగ్ పిన్ దగ్గర టకటకమంది. ఆయిల్స్ రేపు దించుతున్నారు. బాగయ్యాక రేగడిలో ఎలా నడపాలో కూడా చెప్పండి. కొండపల్లి అడవి వైపు ఒకసారి తీసుకెళ్లి అలవాటు చేసుకోవచ్చా?

గుంటూరు నుంచి:

చూశావా, చుట్టుకి 6 సెంటీమీటర్లు. వంద మీటర్లు పోయేసరికి రెండున్నర మీటర్లకు పైగా తేడా. ఏ లివర్ వస్తుంది? వెనక కూడా అదే కంపెనీ కొత్త టైర్లు వేయించు. అప్పటిదాకా ఫోర్ వీల్ తడి మట్టిలోనే, అదీ తప్పనిసరైతేనే.

కొండపల్లి వద్దమ్మా. అది రిజర్వు ఫారెస్టు, అనుమతి లేకుండా బండి తీసుకెళ్తే కేసు. కొండవీడు ఘాట్ ఎక్కొచ్చు కానీ అది తారు రోడ్డు, ఫోర్ వీల్ ముట్టుకోకు. దిగేటప్పుడు చిన్న గేరులో ఇంజన్ పట్టుతో దిగడం అక్కడ నేర్చుకోవచ్చు.

రేగడికి అన్నిటికన్నా మంచి మందు ఆగడం. వాన వెలిసి ఒక ఎండ కాస్తే పైన పొర గట్టిపడుతుంది, అప్పుడు పోయిరా. తప్పదంటే డొంక మొదట్లోనే ఆగి, ఫ్రంట్ లివర్ వేసి, తర్వాత లో వెయ్యి. రెండు లివర్ల బండిలో ఫ్రంట్ పడ్డాకే లో పడుతుంది. సెకండ్ గేరులో ఒకే వేగంతో పోవాలి. మధ్యలో ఆగితే రేగడి టైరు గాళ్లలో నిండిపోయి టైరు నున్నగా అయిపోతుంది. చక్రం ఒకచోటే తిరుగుతోందంటే వెంటనే కాలు తీసెయ్యి. ఇంకా తొక్కితే హౌసింగ్ నేలకి ఆనుతుంది, అప్పుడు ఫోర్ వీలూ లేదు, ఏమీ లేదు. వచ్చిన గాడిలోనే వెనక్కి వచ్చి మళ్లీ ప్రయత్నించు. గాలి 18 పీఎస్ఐ దాకా తగ్గించొచ్చు. అంతకన్నా తగ్గిస్తే ట్యూబు టైరు రిమ్ము మీద జారి వాల్వు తెగుతుంది. రోడ్డెక్కగానే మళ్లీ గాలి కొట్టించాలి, కాబట్టి చిన్న పంపు బండిలో ఉంచుకో.

ట్రాక్టరుతో లాగించాల్సి వస్తే తాడు ఛాసిస్ హుక్కుకే కట్టు, బంపరుకి వద్దు. తాడు మధ్యలో తడి గోనె సంచి వేసి, పిల్లల్నీ చూడ్డానికి వచ్చినవాళ్లనీ దూరంగా పంపించాకే లాగమను. తెగిన తాడు మనిషిని చంపుతుంది. వాన రోజుల్లో డొంకని మనం గాడులు చేసి వదిలేస్తే పక్క చేల వాళ్ల బళ్లు కూరుకుంటాయి, పార తీసుకెళ్లి ఆ గుంటలు పూడ్చి రా.

నాన్నగారి బండికి 15 ఏళ్లు ఎప్పుడో దాటి ఉంటాయి. రిజిస్ట్రేషన్ ఐదేళ్లకోసారి రెన్యువల్ అవుతుంది, ఫిట్‌నెస్ తేదీ ఒకసారి చూసుకో. కింగ్ పిన్ పని కూడా దానికి ముందే అయిపోవాలి. రేపు ఆయిల్ దించాక డ్రెయిన్ బోల్టు ఫోటో ఇక్కడ పెట్టు, చూసి చెబుతాను.