పిల్లల చెవి చీము కల్చర్‌లో (సూక్ష్మజీవులను పెంచి చూసే పరీక్షలో) స్టాఫ్ బ్యాక్టీరియా వస్తే అదే కారణమా?

బెజవాడ ల్యాబ్:
ఏడాదిన్నర పాప, చెవి కారడం మొదలై రెండో రోజు. గుంటూరు కొత్తపేట నుంచి స్వాబ్ (చీము అద్దిన దూది పుల్ల) వచ్చింది. అప్పటికే డ్రాప్స్ వేశారట. గ్రామ్ స్టెయిన్‌లో (రంగు వేసి మైక్రోస్కోప్‌లో చూస్తే) చీము కణాలు నిండా ఉన్నాయి, మధ్యలో సన్నటి గ్రామ్ నెగెటివ్ కడ్డీలు (కడ్డీ ఆకారపు బ్యాక్టీరియా). సూక్ష్మజీవులను పెంచే ప్లేట్లలో బ్లడ్ అగార్, మెకాంకీ మాత్రమే వేశాం. పెరిగింది కోయాగ్యులేజ్ నెగెటివ్ స్టాఫ్, డిఫ్తీరాయిడ్లు అనే రెండు రకాల బ్యాక్టీరియా. ఇలాగే రిపోర్ట్ ఇచ్చేయొచ్చా?

మైక్రోబయాలజీ:
వద్దండి. ఆ రెండూ చెవి గొట్టం చర్మం మీద మామూలుగా ఉండేవే. స్టెయిన్‌లో కనపడ్డ కడ్డీలు ప్లేటు మీద రాలేదు, చూడాల్సింది అక్కడ. అవి హీమోఫిలస్ ఇన్‌ఫ్లుయెంజా అనే బ్యాక్టీరియా అయి ఉండొచ్చు. దానికి ఎక్స్, వి ఫ్యాక్టర్లు (రక్తకణాల్లో ఉండే పోషకాలు) రెండూ కావాలి, మామూలు బ్లడ్ అగార్ మీద పెరగదు. చాకొలెట్ అగార్ (రక్తాన్ని వేడిచేసి ఆ పోషకాలు బయటికి వచ్చేలా చేసిన ప్లేటు) వేసి, 5-10 శాతం కార్బన్ డయాక్సైడ్‌లో 35-37 డిగ్రీల దగ్గర 48 గంటలు ఉంచాలి. కార్బన్ డయాక్సైడ్ ఇంక్యుబేటర్ లేకపోతే మామూలు ఇంక్యుబేటర్‌లోనే క్యాండిల్ జార్ (వెలిగించిన కొవ్వొత్తి పెట్టి మూసిన డబ్బా) చాలు. పెంటావాలెంట్ టీకా వేయించాం కదా అంటారు తల్లిదండ్రులు. అందులోది హీమోఫిలస్ టైప్ బి కోసం, చెవిలో దొరికేది ఎక్కువగా ఏ టైపుకీ చెందని రకం.

ఈఎన్‌టీ:
స్వాబ్ తీసే పద్ధతిలోనే సగం పోతుంది. గొట్టంలో నిలవున్న చీము ముందు సక్షన్‌తో తీసేయాలి, కర్ణభేరి చిల్లులోంచి కొత్తగా ఊరేదాన్నే సన్న స్వాబ్‌తో అందుకోవాలి. అదీ డ్రాప్స్ వేయకముందు. కర్ణభేరి చిల్లు పడకపోతే చెవి స్వాబ్ శుద్ధ దండగ. ముక్కు స్వాబూ అంతే: చెవి చీముకు కారణమయ్యే న్యూమోకాకస్, హీమోఫిలస్, మొరాక్సెల్లా బ్యాక్టీరియా జబ్బు లేని పిల్లల ముక్కు వెనకా ఉంటాయి. స్వాబ్ ఏమీస్ మీడియంలో (దారిలో సూక్ష్మజీవులు చావకుండా ఉంచేది) పెట్టి రెండు గంటల్లో చేర్చండి. ఫ్రిజ్‌లో పెడితే హీమోఫిలస్ చస్తుంది. మే ఎండలో బండి డిక్కీలో పెట్టినా అంతే.

పిల్లల డాక్టర్:
రిపోర్ట్ కోసం మందు ఆపొద్దు. అమాక్సిసిలిన్ కిలోకి రోజుకి 80-90 మి.గ్రా., రెండు పూటలుగా, రెండేళ్ల లోపు పది రోజులు. 48-72 గంటల్లో తగ్గకపోయినా, గత నెలలో అదే మందు వాడినా, కళ్లు కూడా పుసి కడుతున్నా అమాక్సిసిలిన్‌కి క్లావులనేట్ (మందును తట్టుకునే సూక్ష్మజీవుల ఎంజైమ్‌ను అడ్డుకునేది) కలిపినది ఇవ్వాలి. ఇక్కడో పొరపాటు జరుగుతుంటుంది: 7:1 (ఏడు పాళ్లు అమాక్సిసిలిన్‌కి ఒక పాలు క్లావులనేట్) సిరప్‌నే ఈ డోసుకి పెంచితే క్లావులనేట్ ఎక్కువై విరేచనాలు పట్టుకుంటాయి. 14:1 రాయాలి. చిల్లు ఉంది కాబట్టి లోపలి చెవికి హాని చేయగల జెంటామైసిన్ డ్రాప్స్ వద్దు, డ్రాప్స్ వేస్తే సిప్రోఫ్లాక్సాసిన్ చాలు. చెవిలో వెల్లుల్లి నూనె పోయొద్దని ఇంట్లో పెద్దవాళ్లకే గట్టిగా చెప్పాలి.

బెజవాడ ల్యాబ్:
మళ్లీ స్వాబ్ అడిగాను. ఈ రిపోర్ట్‌లో ఏం రాయమంటారు?

మైక్రోబయాలజీ:
"చీము కణాలు అధికం, గ్రామ్ నెగెటివ్ కడ్డీలు కనిపించాయి. పెరిగినవి చర్మపు సూక్ష్మజీవులు. డ్రాప్స్ తర్వాతి శాంపిల్, చాకొలెట్ అగార్ వేయలేదు." స్టాఫ్‌కి యాంటీబయాటిక్ పట్టిక (ఏ మందు పనిచేస్తుందో చూపేది) మాత్రం జతచేయకండి. పట్టిక కనిపిస్తే చాలు, ఎవరో ఒకరు దానికి మందు రాసేస్తారు.