మారేడుమిల్లిలో మట్టి కాటేజీలు: తాటాకు కప్పా, మంగళూరు పెంకా?

పచ్చతోరణం:
మారేడుమిల్లి దగ్గర ఎకరం స్థలం. ఎనిమిది కాటేజీలు, ఒక భోజనశాల. కాటేజీ 400 చదరపు అడుగులు. గోడలు మట్టివి, వాసాలు వెదురువి అనుకున్నాం. ఎక్కడా శ్లాబు ఉండకూడదని యజమాని మాట. కప్పు దగ్గర ఆగిపోయాం. తాటాకా, పెంకా? అక్కడి వానలు తెలిసినవాళ్లు చెప్పండి.

నిట్రాడ:
తాటాకే. వాలు 45 డిగ్రీలకు తగ్గనివ్వకండి. తగ్గితే నీళ్లు జారవు, ఆకులోకి ఇంకి నాచు పడుతుంది. చూరు గోడ దాటి మూడడుగులు ముందుకు రావాలి. ఉత్తరాంధ్ర తీరంలో చుట్టిళ్లు చూడండి, కప్పు దాదాపు నేలదాకా దిగుతుంది. గాలికి పట్టు దొరకదు, జల్లు గోడను తాకదు. పునాది రాయి నేల మీదికి కనీసం అడుగున్నర లేవాలి. గోడకు మట్టి, ఇసుక, వరిగడ్డి చాలు. సిమెంటు మాత్రం కలపొద్దు. సిమెంటు కలిసిన మట్టి మళ్లీ మట్టిలో కలవదు.

పునాదిరాయి:
నిట్రాడ గారూ, ఊళ్లో తాటాకు ఎందుకు నిలుస్తుందో చెప్పకుండా వదిలేశారు. పొయ్యి వల్ల. రెండు పూటలా పొగ ఆకుల్లోంచి పోతుంది కాబట్టి పురుగు, బూజు రావు. కాటేజీలో పొయ్యి ఉండదు, ఏసీ ఉంటుంది. చల్లదనం పోకుండా కింద ప్లైవుడ్ సీలింగు కొడతారు. ఆకుకీ ప్లైవుడ్‌కీ మధ్య తేమ నిలిచిపోతుంది, మూడేళ్లు రావాల్సిన ఆకు రెండో వానాకాలానికే కుళ్లుతుంది. ఎలుకలు సరేసరి.

పెంకు వేయండి. గోడకు 5 శాతం సిమెంటుతో మిషను మీద ఒత్తిన మట్టి ఇటుక. 240 × 240 × 90 మి.మీ. ఇటుక పది కిలోల దాకా తూగుతుంది, అందులో సిమెంటు అరకిలో. కాటేజీకి రెండు వేల ఇటుకలు పట్టినా ఇరవై బస్తాలు. అదే 400 అడుగులకు అయిదంగుళాల శ్లాబు పోస్తే దానికొక్కదానికే ముప్పై అయిదు బస్తాలు దాటుతుంది, ఇనుము వేరే.

నిట్రాడ:
ఎనిమిది కాటేజీలకు నూట అరవై బస్తాలు ఘాట్ రోడ్డు ఎక్కించి, ప్రకృతి కాటేజీలని బోర్డు పెడతారా?

పెంకు సంగతి. చదరపు మీటరుకు పదిహేను పెంకులు, ఒక్కోటి రెండున్నర కిలోలు. అంటే నలభై కిలోల దగ్గర. వెదురు వాసం మీద ఆ బరువు ఏళ్ల తరబడి ఉంటే నడుము వంగుతుంది. పైగా బొంగు గుండ్రం, కణుపు దగ్గర ఉబ్బు. పెంకు గాడి దాని మీద సరిగ్గా కూర్చోదు, సందు పడుతుంది. ఎదురు జల్లు కొడితే ఆ సందులోంచి నీళ్లు మంచం మీదికే. కోతులు దూకితే ఎన్ని పెంకులు మిగులుతాయో కూడా లెక్క వేసుకోండి.

పునాదిరాయి:
పెంకు కింద బొంగు పెట్టమని నేననలేదు. సరుగుడు వాసాలు, వాటి మీద కోసిన చెక్క రీపర్లు (పెంకు ఆనే అడ్డపట్టీలు), 32 సెం.మీ. ఎడంలో. ఎడం మాత్రం తెచ్చిన పెంకును రెండు వరసలు పరిచి కొలుచుకోవాలి, ఒక్కో బట్టీ కొలత ఒక్కోలా ఉంటుంది. వెదురును తడికలకు, వరండాకు, భోజనశాలకు వాడండి.

5 శాతం దగ్గరే ఆగిపోయారు మీరు. ఇసుకపాలు ఎక్కువున్న మట్టికే సిమెంటు. బంకపాలు ఎక్కువైతే సున్నం పట్టినట్టు సిమెంటు పట్టదు. గాజు సీసాలో మూడో వంతు మట్టి వేసి, నీళ్లు పోసి, బాగా కుదిపి వదలండి. ఇసుక నిమిషంలో అడుగున దిగుతుంది, దాని మీద ఒండ్రు, ఆ పైన బంక. పొరల మందం చూస్తే దేనికేం కలపాలో తెలుస్తుంది. పై అడుగు మట్టి తీసి పక్కన పెట్టండి, వేళ్లు, ఆకుకుళ్లు ఉన్న మట్టి ఇటుకకు పనికిరాదు. ఒత్తిన ఇటుకను 28 రోజులు కప్పి, తడి ఆరకుండా చూడాలి. ఇది చేయక అంచులు రాలిపోతే మట్టిని తిడతారు.

సరుగుడు:
అసలు వెదురుకు మందు పట్టిస్తున్నారా? అది చెప్పకుండా ఇంత గొడవేంటి.

నిట్రాడ:
పట్టించకపోతే ఆరు నెలల్లో కింద తెల్ల పొడి రాలుతుంది. బొంగులోని పిండిపదార్థం కోసం పురుగు తొలుస్తుంది. మూడేళ్లు నిండిన బొంగు, వానలు వెనకబట్టాక, నవంబరు నుంచి ఫిబ్రవరి లోపు నరకాలి. కొమ్మలు గీరి, కణుపుల్లోని అడ్డుపొరలన్నీ ఇనప చువ్వతో పొడవాలి. ఒక్క పొర మిగిలినా ఆ గదిలోకి మందు వెళ్లదు. వెయ్యి లీటర్ల నీళ్లకు ముప్పై కిలోల బోరాక్స్, ఇరవై కిలోల బోరిక్ యాసిడ్. బొంగులు తేలతాయి కాబట్టి మీద రాళ్లు పెట్టి వారం, పది రోజులు నానబెట్టాలి. తర్వాత నీడలో నిలబెట్టి ఆరబెట్టాలి, ఎండలో పడేస్తే చీలుతుంది. ఈ మందు వానకు కడిగేసుకుపోతుంది. అందుకే స్తంభాన్ని భూమిలో పాతకూడదు, జానెడు ఎత్తు రాయి దిమ్మె మీద ఇనప పట్టీతో నిలపాలి. తొట్టిలో మిగిలిన మందునీళ్లు వాగులోకి వదలకండి, మళ్లీ పాళ్లు సరిచూసి వాడుకోవచ్చు.

పునాదిరాయి:
వెదురు గురించి మీరు చెప్పినదానిలో ఒక్క అక్షరం కాదనను. ఆకు దగ్గరే నా అభ్యంతరం. ఇంతకుముందు నేను వేయించిన ఒక తాటాకు కప్పు రెండో వానకు కారిందని నాకు రావలసిన చివరి బిల్లు ఆపేశారు. తాటాకు గొప్పదనం చెప్పేవాళ్లు ఆ డబ్బు కట్టరు.

నిట్రాడ:
కారింది ఆకు తప్పా? వేసవిలో చెడిన ఆకు తీసి కొత్తది దోపారా? వానకు ముందు గోడ అలికించారా? ఆ పని చేయించకుండా ఆకును తిడితే ఎలా అండీ?

పునాదిరాయి:
ఎవరు చేయిస్తారు? అక్కడుండేది ఒక మేనేజరు, ఇద్దరు రూమ్ బాయ్‌లు. కట్టాక పదేళ్లు ముట్టుకోనక్కర్లేని ఇల్లు కట్టడమే నా బాధ్యత.

నిట్రాడ:
నాకూ మీకూ తేడా ఇక్కడుంది, సిమెంటు దగ్గర కాదు. ఆకు కప్పేవాళ్లు ఇద్దరు, గోడ అలికే మనిషి ఒకరు ఏడాది పొడుగునా జీతం మీద ఉండాలంటాను నేను. ఆ పని మళ్లీ మళ్లీ రావడమే ఆ ఊరికి దక్కే ఆదాయం. పది రోజుల కూలీ ఇచ్చి పంపేసే కాటేజీ వాళ్లకెందుకు?

పునాదిరాయి:
ఆ జీతాలు ఇచ్చేవాడు దొరికితే నేనూ తాటాకే వేస్తాను. దొరకడు కాబట్టి పెంకు అంటున్నాను.

కొండవాగు:
జీతాల సంగతికి ముందు ఒకటి. ఆ ఎకరం ఎవరిది? పచ్చతోరణం గారు చెప్పనేలేదు.

పచ్చతోరణం:
స్థానిక గిరిజన కుటుంబం పేరు మీదే ఉంది. మా యజమాని లీజుకు తీసుకున్నారు.

కొండవాగు:
అయితే చెల్లదు. 1959 భూబదిలీ నిబంధన, దానికి 1970లో చేసిన సవరణ, అదే వన్ ఆఫ్ సెవెంటీ, చదవండి. మారేడుమిల్లి లాంటి ఏజెన్సీ (షెడ్యూల్డు) ప్రాంతంలో గిరిజనేతరుడికి భూమి ఇవ్వడం నిషేధం, లీజు కూడా బదిలీయే. 1997లో సుప్రీంకోర్టు ఇచ్చిన సమత తీర్పు ప్రభుత్వం ఇచ్చే లీజులకూ ఇదే వర్తిస్తుందని చెప్పింది. చెల్లని స్థలంలో తాటాకు వేస్తే ఏం, పెంకు వేస్తే ఏం? ఆ కుటుంబమో, ఊరి సంఘమో యజమానిగా కట్టాలి, మీవాళ్లు డిజైను, బుకింగులు చూసుకోవచ్చు. మారేడుమిల్లిలో వన సంరక్షణ సమితులు నడిపే విడుదులు ఉన్నాయి, వెళ్లి చూడండి. నిట్రాడ గారు అడిగిన జీతాలు అప్పుడు వాళ్ల రాబడిలోంచే వస్తాయి. బొంగు కూడా అంతే. అటవీ హక్కుల చట్టం ప్రకారం అడవిలో వెదురు చిన్నతరహా అటవీ ఉత్పత్తి, దాని మీద హక్కు అక్కడివాళ్లది. గ్రామసభను అడగకుండా లారీ పెట్టకండి.

పచ్చతోరణం:
యజమానితో మాట్లాడి చెప్తాను. గోడల పని అప్పటిదాకా ఆపుతున్నాం.

పునాదిరాయి:
ఆపడమే మంచిది. ఊరివాళ్లే నడిపేట్టయితే భోజనశాలకు తాటాకు వేయండి, వంటిల్లు దాని కిందే ఉంటే పొగ తగులుతుంది. కరెంటు తీగలు మాత్రం ఆకును తాకకుండా పైపులో పోవాలి. క్యాంప్‌ఫైర్ గాలివాటున, దూరంగా. స్నానాల గది మాత్రం ఎవరు నడిపినా ఇటుకతోనే కట్టండి, మట్టి గోడకు ఆనించకండి.

సరుగుడు:
నిట్రాడ గారూ, కణుపు పొడవడానికి చువ్వ ఎంత లావుండాలి?

నిట్రాడ:
12 మి.మీ. కొన కొంచెం సాన పట్టించండి. రెండు చివరల నుంచీ పొడవాలి, ఒక వైపు నుంచే పొడిస్తే మధ్యలో పక్కకు తిరిగి బొంగు గోడను చీలుస్తుంది.