బ్రమ్మెల్ క్రావట్‌కు గంజి ఏ పాళంలో పెట్టాలి?
1810ల లండన్‌లో జరిగే నాటకానికి, ఆనాటి పేరుమోసిన సోకులరాయుడు బో బ్రమ్మెల్ తరహా క్రావట్, అంటే మెడకు చుట్టుకునే గుడ్డ, కావాలి. కట్టేముందు అది అడుగు ఎత్తుండేది; తల పైకెత్తి చుట్టుకుని, గడ్డం మెల్లగా దించుతూ మడతలు పడనిచ్చేవాడు. సరిగా పడకపోతే ఆ గుడ్డ పక్కకే, మళ్లీ ఇంకోటి. రోజూ అన్ని తెల్లగుడ్డలు ఉతికించి ఇస్త్రీ చేయించుకోగలగడమే అక్కడ హోదా. అందుకే ఆ మడతలు దూరానికీ తెలియాలి.

గుడ్డ పల్చటి మల్లు, 45 అంగుళాల చదరం. ఐమూలగా మడిచి పట్టీ చేశాం. లీటరు నీళ్లకు 2 చెంచాల మైదా గంజి పెడితే గడ్డం కింద కూలబడుతోంది. 4 చెంచాలైతే అట్టకట్టి, మడత దగ్గర తెల్లటి చారలొస్తున్నాయి, ముడి బిగియడం లేదు. కొసలు వదిలేసి నడిమి భాగానికే గంజి పెట్టొచ్చా? సగ్గుబియ్యం గంజి మెరుగా? ఇస్త్రీ తడి ఉండగానే చేయాలా? చేసి చూసినవాళ్లు కొలతలతో చెప్పండి.